ఎవరికి, ఎప్పుడు: కెర్నెల్‌లో సిగ్నళ్లు, థ్రెడ్ల చిక్కులపై ఒక సమీక్ష

ఆండ్రాయిడ్ ఫోను తెరను తాకాక అయిదు సెకన్లపాటు యాప్ పలకకపోతే, అది స్పందించడం లేదని ఒక పెట్టె కనిపిస్తుంది. పలాసలో జీడిపప్పు వ్యాపారి డబ్బు పంపుతున్నా, విజయనగరంలో విద్యార్థి ఫీజు కడుతున్నా వచ్చేది ఆ పెట్టే. ఆ సమయంలో లోపల సిస్టమ్ ఆ యాప్‌కు సిగ్‌క్విట్ అనే సిగ్నల్ పంపుతుంది. దాన్ని అందుకోవడం కోసమే యాప్‌లో ఒక థ్రెడ్ కాచుకుని ఉంటుంది. అది మేలుకుని, మిగతా థ్రెడ్లన్నీ ఏ పని మధ్యలో నిలిచిపోయాయో రాసిపెడుతుంది. తర్వాత తప్పు వెతికేవారికి ఆ రాతే ఆధారం.

ఒక కబురు, దాన్ని అందుకోవడానికి నియమించిన ఒక థ్రెడ్. చూడటానికి ఇంత తేలిగ్గా ఉన్న ఈ పొందిక కుదరడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాసేవారికి దశాబ్దాలు పట్టింది. సిగ్నళ్లూ థ్రెడ్లూ కలిసే చోట పుట్టినన్ని మొండి బగ్‌లు ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నెల్‌లో తక్కువ చోట్ల పుట్టాయి. ఆ బగ్‌లు ఎందుకు పుట్టాయి, వాటిని ఎలా సరిదిద్దారు, ఏ మరమ్మతు నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఈ చరిత్రంతా చూశాక నాకు బలంగా అనిపించేది ఒకటుంది. కబురు ఎవరికి, దాన్ని ఎప్పుడు అందుకోవచ్చు అన్న రెండు ప్రశ్నలకు స్పష్టమైన జవాబు చెప్పిన మరమ్మతులే నిలిచాయి. ప్రమాదం జరిగే వ్యవధిని కాస్త తగ్గించి ఊరుకున్నవన్నీ ఏదో ఒకనాడు తిరగబెట్టాయి.

మొదటి లోపం: యూనిక్స్ నాటిది

యూనిక్స్‌లో సిగ్నల్ అంటే నడుస్తున్న ప్రోగ్రాముకు కెర్నెల్ అందించే చిన్న కబురు. అందులో ఒక అంకె తప్ప పెద్దగా ఏమీ ఉండదు. 2 అంటే కీబోర్డు నుంచి ఆపమన్నారని, 11 అంటే తనది కాని మెమరీని ముట్టుకుందని, 15 అంటే మర్యాదగా ముగించమని, 9 అంటే తక్షణం చంపేస్తున్నామని. ఒకటి నుంచి పదిహేను వరకు దేనికైనా ప్రోగ్రాము తన సొంత హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టుకోవచ్చు, 9కి తప్ప.

1979లో వచ్చిన ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో ఒక విచిత్రం ఉండేది. సిగ్నల్ రాగానే, పెట్టుకున్న హ్యాండ్లర్ దానంతట అదే రద్దయ్యేది. హ్యాండ్లర్ మొదటి పనిగా తనను తాను మళ్లీ నమోదు చేసుకోవాలి. ఆ లోపు అదే సిగ్నల్ రెండోసారి వస్తే ప్రోగ్రాము చచ్చిపోయేది. ఎంత త్వరగా నమోదు చేసుకున్నా మధ్యలో కొంత వ్యవధి మిగిలేది. 1983లో బర్క్‌లీ వారి 4.2 బీఎస్‌డీ ఈ పద్ధతిని మార్చింది. హ్యాండ్లర్ స్థిరంగా ఉంటుంది, అది నడుస్తున్నంతసేపూ అదే సిగ్నల్ రెండోసారి రాకుండా నిలిచి ఉంటుంది. 1988 నాటి పోసిక్స్ ప్రమాణం దీన్నే సిగ్‌యాక్షన్ పేరుతో స్థిరపరిచింది. ఎప్పుడు అందుకోవాలి అన్న ప్రశ్నకు దొరికిన మొదటి గట్టి జవాబు ఇదే. నలభై ఏళ్లు దాటినా అది మారలేదు.

ఒక పరిమితి మాత్రం అలాగే ఉండిపోయింది. మామూలు సిగ్నళ్లకు వరుస లేదు. అందుకోకముందే అదే సిగ్నల్ పదిసార్లు వచ్చినా ఒక్కసారి వచ్చినట్టే లెక్క. పిల్ల ప్రాసెస్‌లు ఎన్ని ముగిశాయో సిగ్నళ్లను లెక్కపెట్టి తెలుసుకోవాలనుకునే కొత్త ప్రోగ్రామర్లు నేటికీ ఇక్కడే దెబ్బతింటారు. వరుసలో నిలిచే రియల్‌టైమ్ సిగ్నళ్లు తర్వాత వచ్చాయి గానీ, పాతవాటి స్వభావం మారలేదు.

థ్రెడ్లు వచ్చాక

సిగ్నళ్లను రూపొందించిన రోజుల్లో ఒక ప్రాసెస్‌లో పని చేసేది ఒక్కటే. కబురు ఎవరికన్న అనుమానమే లేదు. ఒకే మెమరీని పంచుకుంటూ పక్కపక్కనే నడిచే థ్రెడ్లు వచ్చాక ఇల్లు ఉమ్మడి కుటుంబమైంది. ఇంటిపేరు మీద వచ్చిన ఉత్తరాన్ని ఎవరు తీసుకోవాలి? నిద్రపోతున్నవారిని లేపి ఇవ్వాలా, చేతిలో పని లేనివారికి ఇవ్వాలా? ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసయితే ఒక్కరు తీసుకుంటే చాలుతుందా?

1995 నాటి పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం ఇలా తేల్చింది. ఏ సిగ్నల్‌కు ఏం చేయాలన్న నిర్ణయం ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే. ఏ సిగ్నల్‌ను ప్రస్తుతానికి ఆపి ఉంచాలన్నది ఏ థ్రెడ్‌కు ఆ థ్రెడ్ ఇష్టం. ప్రాసెస్‌కు వచ్చిన సిగ్నల్‌ను, ఆపి ఉంచని థ్రెడ్లలో ఏదో ఒకటి అందుకుంటుంది. చంపే సిగ్నల్, ఆపే సిగ్నల్ అయితే అన్నిటికీ వర్తిస్తుంది.

లినక్స్‌కు ఇది వెంటనే అందలేదు. 1996లో జేవియర్ లెరోయ్ రాసిన లినక్స్‌థ్రెడ్స్ లైబ్రరీలో ప్రతి థ్రెడ్డూ కెర్నెల్ దృష్టిలో విడి ప్రాసెస్సే, ఒక్కోదానికి ఒక్కో పీఐడీ (ప్రాసెస్ గుర్తింపు సంఖ్య). ఒక పీఐడీకి పంపిన సిగ్నల్ ఆ ఒక్క థ్రెడ్‌కే చేరేది. ఆపమని పంపితే ఒక్కటే ఆగి, మిగతావి నడుస్తూనే ఉండేవి. అన్నిటినీ నిర్వహించే మేనేజర్ థ్రెడ్ చచ్చిపోతే మిగిలినవి దిక్కులేకుండా పడి ఉండేవి. లైబ్రరీ ఎంత తెలివిగా రాసినా కెర్నెల్‌కు థ్రెడ్ల గుంపు అన్న ఊహ లేనప్పుడు పైనుంచి అతుకులు వేయడం తప్ప దారి లేకపోయింది.

2002లో రెడ్‌హ్యాట్ ఇంజినీర్లు ఉల్రిక్ డ్రెపర్, ఇంగో మోల్నార్ ఎన్‌పీటీఎల్ అనే కొత్త థ్రెడ్ లైబ్రరీని ప్రకటించారు. దాని కోసం కెర్నెల్‌నే మార్చారు. ఒక గుంపులోని థ్రెడ్లన్నిటికీ ఉమ్మడి గుర్తింపు వచ్చింది. సిగ్నళ్లకు రెండు బుట్టలు ఏర్పడ్డాయి: గుంపు మొత్తానికి వచ్చినవాటికి ఒకటి, ఒక థ్రెడ్‌కే వచ్చినవాటికి ప్రతి థ్రెడ్ వద్దా ఒకటి. ఒక నిర్దిష్ట గుంపులోని నిర్దిష్ట థ్రెడ్‌కే కబురు పంపే టీజీకిల్ అనే సిస్టమ్ కాల్ వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఫ్యూటెక్స్ వల్ల పోటీ లేనప్పుడు లాక్ వేయడానికి కెర్నెల్ దాకా వెళ్లే అవసరం తప్పింది. పరీక్షల్లో లక్ష థ్రెడ్లు రెండు సెకన్లలో మొదలయ్యాయి. పాత పద్ధతిలో అదే పనికి దాదాపు పావుగంట పట్టేది. 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నెల్‌తో ఇది అందరికీ అందింది.

అయినా "ఏదో ఒక థ్రెడ్" అన్న మాటలో సందు మిగిలింది. కెర్నెల్ సాధారణంగా ప్రధాన థ్రెడ్‌ను ముందుగా చూస్తుంది. సీపీయూ వాడకాన్ని కొలిచే టైమర్ల విషయంలో, పని చేస్తున్న థ్రెడ్‌ను వదిలి నిద్రపోతున్న ప్రధాన థ్రెడ్‌ను లేపడం అర్థం లేని పని. నడుస్తున్న థ్రెడ్‌కే ఇవ్వాలన్న మార్పు 2023లో, 6.4 కెర్నెల్‌లో గానీ చేరలేదు.

అందుకునే వేళ

ఎప్పుడు అన్న ప్రశ్న ఇంకా కష్టం. హ్యాండ్లర్ ప్రోగ్రాములో ఎక్కడైనా, ఏ రెండు సూచనల మధ్యనైనా చొరబడగలదు. మెమరీ కేటాయించే మాలోక్ తన పట్టికను సగం సవరించి ఉండగా సిగ్నల్ వచ్చి, హ్యాండ్లర్ మళ్లీ మాలోక్‌నే పిలిస్తే పట్టిక పాడవుతుంది. లేదా తనే వేసిన లాక్ కోసం తనే శాశ్వతంగా ఎదురుచూస్తుంది. హ్యాండ్లర్‌లో పిలవదగిన ఫంక్షన్ల జాబితాను పోసిక్స్ ఇచ్చింది. అందులో మాలోక్ లేదు, ప్రింట్‌ఎఫ్ లేదు.

ఈ నియమం తప్పితే ఏమవుతుందో 2024 జులై 1న ప్రపంచం చూసింది. సర్వర్లలోకి లాగిన్ కావడానికి ఎక్కువమంది వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో క్వాలిస్ సంస్థ పరిశోధకులు ఒక లోపం బయటపెట్టారు. దాని సంఖ్య సీవీఈ-2024-6387. గడువులోగా లాగిన్ పూర్తికాకపోతే అలారం సిగ్నల్ వస్తుంది. దాని హ్యాండ్లర్ లాగ్ రాయబోయి, లోలోపల మాలోక్ దాకా వెళ్తుంది. సరైన క్షణంలో దాన్ని పట్టుకుంటే దాడి చేసేవాడికి ఏకంగా రూట్ అధికారమే దక్కుతుంది. సగటున 10,000 ప్రయత్నాలు పట్టవచ్చని పరిశోధకులు లెక్కగట్టారు. కంప్యూటరుకు అది కొద్ది గంటల పని.

అసలు విచారించవలసిన విషయం దాని చరిత్ర. ఈ లోపాన్ని 2006లోనే కనిపెట్టి సరిదిద్దారు. ఆ రక్షణ కోడ్‌లో ఒక చిన్న షరతు రూపంలో ఉండేది. లాగ్ రాసే భాగాన్ని తిరగరాసినప్పుడు ఆ షరతు పొరపాటున తొలగిపోయి, 2021లో వచ్చిన 8.5 వెర్షన్‌తో లోపం మళ్లీ బయటికి వెళ్లింది. అది మళ్లీ రాకుండా పట్టుకునే పరీక్ష లేకపోవడం వల్ల మూడేళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు. ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం దీనికి దొరకలేదు. హ్యాండ్లర్‌లో వాడటానికి పనికొచ్చే లాగ్ ఫంక్షన్‌ను వారు ముందే విడిగా తయారు చేసుకున్నారు. ఒక చోట రక్షణ ఒక షరతు మీద వేలాడింది, ఇంకో చోట అది నిర్మాణంలోనే ఉంది. నిలిచింది రెండోదే.

సిగ్నల్‌ను వేళ కాని వేళ చొరబడనివ్వకుండా, ప్రోగ్రాము తనకు వీలైనప్పుడు చదువుకునేలా చేయడం ఇంకా మేలైన దారి. 2007లో 2.6.22 కెర్నెల్ తెచ్చిన సిగ్నల్‌ఎఫ్‌డీ ఆ పని చేస్తుంది. ఫైలు చదివినట్టే సిగ్నళ్లను చదువుకోవచ్చు. అన్ని థ్రెడ్లలోనూ సిగ్నల్‌ను ఆపి ఉంచి, ఒక్క థ్రెడ్ మాత్రమే దానికోసం వేచి ఉండటం మరో దారి. మొదట చెప్పిన ఆండ్రాయిడ్ పొందిక ఈ కోవలోదే.

చావని ప్రాసెస్, మారిపోయిన పీఐడీ

కిల్ మైనస్ తొమ్మిది కొట్టినా పోని ప్రాసెస్‌ను సర్వర్లు చూసుకునే ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు. పీఎస్ ఆదేశం దాని పక్కన డీ అని చూపిస్తుంది. డిస్కు నుంచో నెట్‌వర్కు నుంచో జవాబు కోసం, సిగ్నళ్లకు పలకని నిద్రలో అది ఉంది. మధ్యలో లేపితే సగం రాసిన డేటా పాడవుతుందన్న భయంతో పెట్టిన నిద్ర అది. నెట్‌వర్కు మీద ఫైళ్లు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ పడిపోతే దాన్ని వాడుతున్న ప్రాసెస్‌లన్నీ అలా ఇరుక్కుపోయి, యంత్రాన్ని రీబూట్ చేయవలసి వచ్చేది. 2008లో మాథ్యూ విల్‌కాక్స్ మూడో రకం నిద్రను తెచ్చారు. మామూలు సిగ్నళ్లకు అది లేవదు, చంపే సిగ్నల్‌కు మాత్రం లేస్తుంది. ప్రాసెస్ ఎలాగూ తిరిగి వెళ్లదు కనుక, సగం చేసిన పని ఫలితం దానికి కనబడే ప్రమాదం లేదు. చిన్న ఆలోచనే, కానీ ఎప్పుడు అన్న ప్రశ్నను సరైన చోట విడదీసింది.

ఎవరికి అన్న ప్రశ్నకు ఇంకో రూపం పీఐడీల పునర్వినియోగం. లినక్స్‌లో చాలాకాలం పీఐడీల డిఫాల్ట్ పరిమితి 32,768. అవి అయిపోతే పాత అంకెలు కొత్త ప్రాసెస్‌లకు వెళ్తాయి. మనం 4,210ని చంపమనేలోపు ఆ ప్రాసెస్ ముగిసి, అదే అంకె వేరొకదానికి దక్కవచ్చు. పరిమితిని నలభై లక్షలు దాటించడం వల్ల ప్రమాదం అరుదైంది గానీ పోలేదు. 2019లో క్రిస్టియన్ బ్రౌనర్ కృషితో 5.1 కెర్నెల్‌లో మొదలైన పీఐడీఎఫ్‌డీ దాన్ని పూర్తిగా తొలగించింది. అది ఒక నిర్దిష్ట ప్రాసెస్‌ను పట్టుకున్న పిడి. ఆ ప్రాసెస్ పోతే, కబురు ఇంకెవరికో చేరే బదులు ఎర్రర్ వస్తుంది. 2024 నాటి 6.9 కెర్నెల్‌తో ఇదే సౌకర్యం విడి థ్రెడ్లకూ వచ్చింది.

యూప్రోబ్స్: ఒక తెలుగు ఇంటిపేరు

కెర్నెల్ కోడ్‌లో యూప్రోబ్స్ ఫైలు తెరిస్తే రచయితలుగా శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ పేర్లు కనిపిస్తాయి. ఇద్దరూ ఐబీఎం తరఫున రాశారు. ద్రోణంరాజు అన్న ఇంటిపేరు ఉత్తరాంధ్రకు బాగా తెలిసినదే. 2012లో 3.5 కెర్నెల్‌లో చేరిన ఈ భాగం, ఈ వ్యాసంలోని రెండు ప్రశ్నలూ ఒకేచోట ఎదురైన చక్కని ఉదాహరణ.

నడుస్తున్న ప్రోగ్రామును ఆపకుండా, దాని లోపల ఒక చోట ఏం జరుగుతోందో గమనించడం యూప్రోబ్స్ పని. అందుకు ఆ చోటి సూచన స్థానంలో బ్రేక్‌పాయింట్ పెడతారు. థ్రెడ్ అక్కడికి రాగానే కెర్నెల్ చూసి నమోదు చేసుకుంటుంది. తర్వాత అసలు సూచనను నడిపించాలి. అందుకోసం బ్రేక్‌పాయింట్‌ను కాసేపు తీసేస్తే, ఆ కాసేపట్లో పక్క థ్రెడ్ పట్టుబడకుండా దాటిపోతుంది. అందుకని అసలు సూచన నకలును వేరే పేజీలో పెట్టి, ఏ థ్రెడ్‌కు ఆ థ్రెడ్ విడిగా తన గడిలో దాన్ని నడిపించుకునే ఏర్పాటు చేశారు. బ్రేక్‌పాయింట్ కదలదు, ఏ థ్రెడ్డూ తప్పించుకోదు.

ఆ గడిలో ఒక్క సూచన నడుస్తున్న సమయంలోనే సిగ్నల్ వస్తే? హ్యాండ్లర్ అక్కడినుంచి మొదలైతే, తిరిగి రావలసిన చిరునామాగా ప్రోగ్రాముకు అసలు తెలియని ఆ తాత్కాలిక గడి నమోదవుతుంది. అందుకే యూప్రోబ్స్ ఆ ఒక్క అడుగు పూర్తయ్యేదాకా సిగ్నల్‌ను వాయిదా వేస్తుంది. ఆ సూచనే తప్పు చేసి సిగ్నల్‌కు కారణమైతే, థ్రెడ్‌ను అసలు చిరునామాకు తిరిగి చేర్చి ఆ తర్వాతే సిగ్నల్‌ను అందిస్తుంది. గమనించేవాడు ఉన్నాడన్న జాడ ప్రోగ్రాముకు తెలియకూడదన్న పట్టుదల ఈ కోడ్‌లో అడుగడుగునా ఉంది. ఈ ఒక్క ఫైలును శ్రద్ధగా చదివిన విద్యార్థికి ఒక పాఠ్యపుస్తకం చదివినంత లాభం.

నిందితుణ్ని వెతకడం

బగ్‌ను సరిదిద్దడం కన్నా అది ఎవరిదో తేల్చడం కష్టమని 2019 నాటి ఒక ఉదంతం చూపించింది. గో భాష 1.14 వెర్షన్ తయారవుతోంది. ఎక్కువసేపు నడిచే పనిని మధ్యలో ఆపడానికి, గో తన థ్రెడ్లకు తానే తరచుగా సిగ్‌అర్జ్ సిగ్నల్ పంపే పద్ధతి అందులో కొత్తగా వచ్చింది. అప్పటినుంచి కొన్ని లినక్స్ యంత్రాల్లో మెమరీ పాడవుతున్న జాడలు కనిపించాయి. కొత్తగా మారింది గో కనుక తప్పు గోదే అనిపించడం సహజం.

గో బృందం అక్కడ ఆగలేదు. గోతో సంబంధం లేని చిన్న సీ ప్రోగ్రాముతో అదే తప్పును మళ్లీ పుట్టించి, కెర్నెల్ మార్పులను సగానికి సగం విడదీస్తూ వెతికింది. దోషం 5.2 కెర్నెల్‌లో తేలింది. సిగ్నల్ అందించేముందు థ్రెడ్ వెక్టర్ రిజిస్టర్లను దాని స్టాక్‌లో భద్రపరచాలి. ఆ స్టాక్ పేజీ మెమరీలో లేకపోతే తెప్పించుకుని మళ్లీ ప్రయత్నించాలి. ఈ మధ్యలో సీపీయూ ఇంకో థ్రెడ్‌కు వెళ్లి రావచ్చు. ఈ రిజిస్టర్లు ఇప్పుడు ఎవరివి అన్న ప్రశ్నకు ముందు చదివి ఉంచుకున్న పాత జవాబునే జీసీసీ 9తో కంపైల్ చేసిన కోడ్ మళ్లీ వాడింది. ఆ జవాబును ప్రతిసారీ కొత్తగా చదవమని చెప్పే చిన్న మార్పుతో 5.3.15, 5.4.2 వెర్షన్లలో బగ్ పోయింది. మళ్లీ ఎవరికి, ఎప్పుడు అన్నవే.

లాక్‌ల కథ కూడా ఇక్కడ కలుస్తుంది. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కంప్యూటరు పదేపదే రీసెట్ అయ్యింది. తక్కువ ప్రాధాన్యం గల పని ఒక లాక్ పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం గల పనులు దాన్ని కదలనివ్వలేదు. అత్యవసరమైన పని ఆ లాక్ కోసమే ఎదురుచూస్తూ గడువు దాటింది. లాక్ పట్టుకున్నదానికి ఎదురుచూస్తున్నదాని ప్రాధాన్యం తాత్కాలికంగా ఇచ్చే ఏర్పాటును భూమి నుంచే అమలు చేసి సరిదిద్దారు. లినక్స్ ఫ్యూటెక్స్‌లకు ఈ గుణం 2006లో వచ్చింది. ఇరవై ఏళ్ల శ్రమ తర్వాత రియల్‌టైమ్ కెర్నెల్ ప్యాచ్‌లు 2024లో 6.12తో ప్రధాన స్రవంతిలో కలిశాయి.

ఈ కాలంలో వెతికే పనిముట్లూ పెరిగాయి. లాక్‌ల వరుసను గమనించి, చిక్కుముడి పడకముందే హెచ్చరించే లాక్‌డెప్ 2006 నుంచి ఉంది. యాదృచ్ఛికంగా సిస్టమ్ కాల్స్ గుప్పించి కెర్నెల్‌ను పరీక్షించే సిజ్‌కాలర్‌ను గూగుల్ 2015లో తెచ్చింది. రెండు థ్రెడ్లు ఒకే మెమరీని ఒకేసారి తాకితే పట్టుకునే కేసీశాన్ 2020లో 5.8తో వచ్చింది. మనిషి కంటికి ఏళ్లపాటు ఆనని ఇలాంటి రేస్‌లు (వేళ కలిసినప్పుడే బయటపడే తప్పులు) ఇప్పుడు గంటల్లో బయటపడుతున్నాయి. ఇవి ఎక్కడ తప్పుందో చూపిస్తాయి. ఎవరికి, ఎప్పుడు అన్నది మాత్రం మనిషే తేల్చాలి.

మన కళాశాలల్లో

విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్ ఐటీ, టెక్కలిలో ఐతం, ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ. ఇలా ఉత్తరాంధ్రలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థులు తక్కువేమీ కాదు. ల్యాబ్‌లో వారు ఎక్కువగా చేసేది షెడ్యూలింగ్ పద్ధతులనూ బ్యాంకర్స్ ఆల్గరిథమ్‌నూ సీ ప్రోగ్రాముగా అనుకరించడం. అది అవసరమే. కానీ అనుకరణలో రేస్ ఉండదు. అంకెలు ఇస్తే పట్టిక వస్తుంది, ఎన్నిసార్లు నడిపినా అదే పట్టిక. ఈ వ్యాసంలో చెప్పుకున్న బగ్‌లలో చాలావరకు ఎప్పుడో ఒకసారి కనబడేవి. అలాంటిదాన్ని వెంటాడి పట్టుకునే ఓర్పు, పద్ధతి ఆ ల్యాబ్‌లో అలవడవు.

దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టుకుని కెర్నెల్‌ను కంపైల్ చేసుకోవచ్చు. కెర్నెల్‌తోపాటే వచ్చే స్వీయపరీక్షల్లో పీఐడీఎఫ్‌డీకి, ఫ్యూటెక్స్‌కు, సిగ్నల్ స్టాక్‌కు విడివిడి విభాగాలున్నాయి. పాత వెర్షన్ తీసుకుని, తెలిసిన బగ్‌ను మళ్లీ పుట్టించి, ఏ మార్పు దాన్ని తెచ్చిందో వెతికి, దిద్దుబాటు తర్వాత పోయిందని నిరూపించడం ఒక సెమిస్టరు పని. వెక్టర్ రిజిస్టర్ల బగ్ అందుకు మంచి మొదలు. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌కు చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలున్నాయి, తెలుగు లేదు. ఆ పనీ ఇక్కడి విద్యార్థులు చేయగలిగిందే. ఒక అధ్యాయాన్ని సరిగ్గా తెలుగులో పెట్టాలంటే దాన్ని లోతుగా అర్థం చేసుకోక తప్పదు.

చివరి సంవత్సరం ప్రాజెక్టు అంటే హాజరు నమోదు యాప్‌లు, లైబ్రరీ నిర్వహణ వెబ్‌సైట్లు ఏటా వస్తూనే ఉన్నాయి. వాటి పక్కన ఒక బగ్‌ను మళ్లీ పుట్టించి చూపిన నివేదికకూ, అది తిరిగి రాకుండా కాపలా కాసే ఒక పరీక్షకూ సమానంగా మార్కులివ్వాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2006 నాటి మరమ్మతు పక్కన అలాంటి ఒక్క పరీక్ష ఉండి ఉంటే 2024 నాటి ప్రమాదం వచ్చేది కాదు. ఆ పరీక్ష రాయడం నాలుగో సంవత్సరం విద్యార్థికి అందని పని కాదు. ఆ పనిని విలువైనదిగా గుర్తించే బాధ్యత పాఠ్యప్రణాళిక రాసేవారిది, ప్రాజెక్టులు దిద్దేవారిది.